మా ఫ్రేములు మాకివ్వండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వీడియోగ్రాఫర్లకు, మిక్సింగ్ యూనిట్ల వారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అన్నలారా, తమ్ముళ్ళారా,

నమస్కారం. నేను సింగరాయకొండలో ఇరవై ఏళ్ళకు పైగా మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) పని చేసుకుంటున్నవాణ్ణి. ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చే హార్డ్ డిస్కులు విప్పి పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, తిరునాళ్ళు మిక్సింగ్ చేసి పంపడమే నా బతుకుతెరువు. మీలో చాలామంది పని ఇచ్చి నాకు అన్నం పెట్టినవాళ్ళే. ఈ లేఖలో ఉన్నదంతా ముందు మన వాట్సాప్ గ్రూపుల్లో రాశాను. రెండుసార్లు మీటింగులో లేచి చెప్పాను. "సీజన్ అయిపోనీ, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. మూడు సీజన్లు అయిపోయాయి, ఎవరూ కూర్చోలేదు. అందుకని నలుగురి ముందూ పెడుతున్నాను.

సంగతి ఒక్కటే. ఒక ఫ్రేమ్ రేటులో (సెకనుకు ఎన్ని బొమ్మలన్న లెక్క) తీసిన వీడియోని ఇంకో ఫ్రేమ్ రేటులోకి ఇంటివాళ్ళకు చెప్పకుండా, మనం కూడా సరిగ్గా చూసుకోకుండా మార్చేస్తున్నాం. మార్చాక అసలు ఫైలు చెరిపేస్తున్నాం. అలా పోతున్నది మన సొత్తు కాదు, వాళ్ళ సొత్తు.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

2003 సంక్రాంతికి మా పక్క ఊళ్ళో బండలాగుడు పోటీలు పెట్టారు. మా నాన్న ఆరు పళ్ళ విభాగంలో (ఎడ్ల వయసు పళ్ళను బట్టి చెబుతారు) తన జత కట్టాడు. ఊరి ఫోటోగ్రాఫర్ అన్న ఒకాయన పానాసోనిక్ కెమెరాతో చిన్న క్యాసెట్టు (మినీ డీవీ) మీద గంటసేపు తీశాడు. మా అక్క ఆ క్యాసెట్టును బీరువాలో పట్టుచీరల మధ్య దాచి ఇన్నేళ్ళు కాపాడింది. నాన్న పోయాక, ఆయన నడుస్తూ, అరుస్తూ, నవ్వుతూ కనబడాలంటే మాకు మిగిలింది అదొక్కటే. అప్పట్లో నా దగ్గరున్న క్యాసెట్టు ప్లేయర్ చెడిపోయి ఉంది. అక్క ఆగలేక టౌన్లో ఒక ల్యాబులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. వాళ్ళు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు గానీ క్యాసెట్టు వెనక్కి ఇవ్వలేదు. అడిగితే, "పాతవి మేం ఉంచమమ్మా, తీసేస్తాం" అన్నారట.

ఆ ఫైలు తెరిచి, నాన్న చెర్నాకోల పైకెత్తే చోట ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. మొదటి ఫ్రేములో ఒక చెయ్యి ఉంది. రెండో ఫ్రేములో రెండు చేతులు, ఒకటి ముదురుగా, ఒకటి నీడలాగా. మూడో దాంట్లోనూ రెండే. నాలుగో దాంట్లో రెండు చేతులూ సరిసమానంగా ఉన్నాయి, ఏది మా నాన్నదో చెప్పలేం. ఐదు, ఆరింట్లోనూ రెండేసి చేతులే. ఏడో ఫ్రేముకు మళ్ళీ ఒక చెయ్యి. జత ఎడ్లకు ఎనిమిది కాళ్ళుండాల్సిన చోట పదహారు కాళ్ళు. గిట్టలు దుమ్ము లేపే చోట బూడిద మరక తప్ప ఏమీ లేదు.

ఎందుకలా అయిందో మన పనిలో ఉన్నవాళ్ళకు లెక్క కట్టి చెబుతాను. ఆ రోజుల కెమెరా సెకనుకు 25 నిండు బొమ్మలు తీయదు. 50 సగం బొమ్మలు తీస్తుంది. ముందు ఒక వరస గీతలు, ఆ తర్వాత మధ్య ఖాళీల్లోని గీతలు. ఒక్కో సగం ఒక్కో వేరే క్షణం. అంటే గంట క్యాసెట్టులో 1,80,000 క్షణాలు ఉంటాయి. ల్యాబు వాళ్ళు గీతలు కనబడుతున్నాయని రెండు సగాల్లో ఒకదాన్ని పారేశారు. మిగిలినవి 90,000. ఆ 25 ఫ్రేముల వీడియోని 30 ఫ్రేముల ప్రాజెక్టులో వేసి, ఫ్రేమ్ బ్లెండింగ్ ఆన్‌లో ఉంచి ఎక్స్‌పోర్ట్ కొట్టారు. 25ని 30గా సాగదీస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో అసలుది ఒక్కటే ఉంటుంది, తక్కిన ఐదూ పక్కపక్క బొమ్మలు రెండు కలిపిన కలగలుపు. సెకనుకు అసలు బొమ్మలు 5 మాత్రమే. గంటకు 18,000. లక్షా 80 వేలలో పద్దెనిమిది వేలు. మా నాన్న గంటలో పదో వంతు మాకు వచ్చింది, అదీ సగం గీతలతో.

నేనే వెళ్ళి అడిగితే, "పాత క్యాసెట్టు గదన్నా, అంతే వచ్చిద్ది" అన్నారు. మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అదే మాట. అంతే రాదు అన్నా. ఆ క్యాసెట్టు తప్పేమీ లేదు.

ఒకరి మీద బురద చల్లాలని రాయడం లేదు, అందుకే పేరు రాయలేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పని మొదలుపెట్టిన కొత్తలో ఏడెనిమిదేళ్ళ పాటు నేనూ అచ్చం ఇలాగే చేశాను. ప్రాజెక్టు సెట్టింగులు ఎవరో పెట్టిచ్చినవి, వాటిని నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఎన్ని ఇళ్ళ పెళ్ళిళ్ళు నా చేత్తో అలా మసకబారాయో తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

ఈ అంకెలు ఎక్కడివని కొత్త పిల్లలు అడుగుతుంటారు. సినిమాకు 24, మాటల సినిమా వచ్చిన రోజుల్లో స్థిరపడింది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి మన టీవీ 25. అమెరికా కరెంటు 60, అందుకని వాళ్ళ టీవీ 30. 1953లో రంగుల టీవీ తెచ్చినప్పుడు రంగు సిగ్నలూ ధ్వని సిగ్నలూ ఒకదానికొకటి అడ్డం రాకుండా 30ని రవ్వంత తగ్గించి 29.97 చేశారు. మన దేశంలో రంగుల ప్రసారం 1982లో పాల్ పద్ధతిలో మొదలైంది, 25తోనే. ఇప్పుడు ఫోన్లు, డ్రోన్లు అమెరికా లెక్కతో 30కో 60కో సెట్ అయి మన చేతికొస్తున్నాయి. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఇక మన జనానికి జరుగుతున్న నష్టాలూ, నేను అడుగుతున్నవీ వరసగా రాస్తున్నాను.

1. ఒకే పెళ్ళికి నాలుగు కెమెరాలు, నాలుగు ఫ్రేమ్ రేట్లు. ట్రెడిషనల్ వీడియో 25లో, క్యాండిడ్ అబ్బాయిది "సినిమా లుక్" అని 24లో, డ్రోన్ 30లో, గింబల్ (చేతి వణుకు ఆపే పిడి) మీద ఫోను 60లో. నలుగురూ చిప్పులు (మెమరీ కార్డులు) తెచ్చి మిక్సింగ్ బల్ల మీద పడేస్తారు. క్లిప్పులు వరసగా పేర్చే చోటు టైమ్‌లైన్. ఏ క్లిప్పు ముందు టైమ్‌లైన్‌లో పడితే సాఫ్ట్‌వేర్ దాని రేటు పట్టుకుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో క్లిప్పులు వేశాక ఆ రేటు మార్చనే మార్చలేం. డ్రోన్ షాట్ ముందు పడిందనుకోండి, మూడు రోజుల పెళ్ళి మొత్తం 30 అయిపోయినట్టే.

తలంబ్రాల దగ్గర చూడండి. పెళ్ళికూతురు దోసిలి ఎత్తింది, బియ్యం రాలుతోంది, పెళ్ళికొడుకు కళ్ళు మూసుకున్నాడు. 25ది 30లో వేసి బ్లెండింగ్ లేకుండా వదిలేస్తే ప్రతి ఐదు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు వస్తుంది, సెకనుకు ఐదుసార్లు ఎక్కిళ్ళు. బియ్యం గాల్లో ఆగి ఆగి పడుతుంది. అటు 30ది 25లో వేస్తే ప్రతి ఆరో ఫ్రేమూ మాయం, గంటకు 18,000 ఫ్రేములు చెత్తబుట్టలోకి. బ్లెండింగ్ పెడితే ఒక్కో గింజా రెండవుతుంది, పసుపు బియ్యం కాస్తా పసుపు పొగ అవుతుంది. ఆ ఇంట్లో వాళ్ళకు ఫ్రేమ్ రేటు అంటే తెలియదు. "ఎందుకో చూస్తుంటే కళ్ళు లాగుతున్నాయి బాబూ" అంటారు. మనం టీవీ బాగాలేదంటాం.

నేను అడిగేది: ఒక ఫంక్షన్‌కు ఒకటే రేటు. ముహూర్తానికి ముందు రోజే ఫోన్లో నలుగురూ మాట్లాడుకోండి. 25, స్లో మోషన్ కావలసిన చోట 50. కెమెరా మెనూలో పాల్ (మన 25 లెక్క), ఎన్‌టీఎస్‌సీ (అమెరికా 30 లెక్క) అని ఉంటుంది, పాల్ పెట్టండి. కొన్ని కెమెరాలు మార్చగానే కార్డు ఫార్మాట్ చెయ్యమంటాయి, అందుకే ఖాళీ కార్డుతో ఇంటి దగ్గరే చేసుకోవాలి, మండపంలో కాదు. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఉంది. చాలా డ్రోన్లలో 25, 50 మెనూలోనే ఉంటాయి. స్లో మోషన్‌కు 50లో తీసి 25లో పరిస్తే సరిగ్గా రెండింతలు నెమ్మది, 100లో తీస్తే నాలుగింతలు, ఒక్క ఫ్రేమూ పోదు, ఒక్కటీ పుట్టదు.

"అందరూ ఫోన్లోనే చూస్తున్నారు, 30 మంచిది" అనేవాళ్ళున్నారు. సరే, 30 అనుకుంటే నాలుగు కెమెరాలూ 30లోనే తీయండి, నాకు అభ్యంతరం లేదు. ఏ అంకె అయినా మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉండాలి.

2. లైట్లు. మన కల్యాణ మండపాల్లో ట్యూబులైట్లూ, చవక ఎల్ఈడీ బల్బులూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 30లో, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) సెకనులో 60వ వంతు పెట్టి తీస్తే ఆ మినుకు వీడియోలోకి ఎక్కి గోడ మీద వెలుగు కొట్టుకుంటూ ఉంటుంది. షట్టర్ 50లో ఒక వంతో 100లో ఒక వంతో పెడితే పోతుంది. తీసేటప్పుడు రెండు నొక్కులతో పోయేదాన్ని వదిలేసి, మిక్సింగ్‌లో ఫ్రేములు కలిపి మినుకు దాచడం ఎందుకు?

3. "క్వాలిటీ పోకుండా కన్వర్ట్ చేస్తాం" అని బోర్డు రాసుకున్నాం. ఆ మాట ఎప్పుడు నిజమో మనలో మనం ఒప్పుకుందాం. అసలు మార్చకపోతే నిజం. ఫ్రేములు ముట్టుకోకుండా గడియారం మాత్రమే మారిస్తే నిజం, అంటే 24 ఫ్రేములనూ సెకనుకు 25 చొప్పున నడిపించడం. 25ను 50గా, 30ని 60గా ఒక్కో ఫ్రేమూ రెండేసిసార్లు చూపిస్తే నిజం, రేపు సగం తీసేస్తే మళ్ళీ అసలుది వస్తుంది. 50ని 25 చేస్తే మిగిలిన ఫ్రేములు చెక్కుచెదరవు గానీ సగం పోతాయి. ఇవి తప్ప 30 నుంచి 25కైనా, 25 నుంచి 30కైనా, 60 నుంచి 25కైనా నష్టం లేని దారి లేదు. ఎక్కడ నష్టపోవాలో ఎంచుకోవడమే మన పని. ఆ ఎంపిక సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా మనిషి కూర్చుని చెయ్యాలి.

4. పాత క్యాసెట్లు. ఇది నాకు అన్నిటికన్నా నొప్పి కలిగించే సంగతి, కాస్త ఓపిగ్గా చదవండి.

చిన్న క్యాసెట్టును ఫైర్‌వైర్ తీగతో ఎక్కిస్తే క్యాసెట్టు మీదున్న సమాచారం ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి వస్తుంది, నకలు కూడా కాదు, అదే. గంటకు సుమారు 13 జీబీ. పసుపు, ఎరుపు, తెలుపు ఏవీ తీగలతో ఎక్కిస్తే బొమ్మ ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు. పాత వీహెచ్ఎస్‌కు అలాంటి తీగలు తప్పవు గానీ చిన్న క్యాసెట్టుకు ఆ తీగలు వాడటం తప్పు.

ఎక్కించాక ఆ గీతల ఫైలును అలాగే ఒక కాపీ దాచాలి. చూడ్డానికి ఇంకో ఫైలు చేస్తే, రెండు సగాల్నీ రెండు క్షణాలుగా విడదీసి సెకనుకు 50 నిండు ఫ్రేములుగా చెయ్యాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో యాడిఫ్, బీడబ్ల్యూడిఫ్ అని ఫిల్టర్లున్నాయి, అవి పైసా ఖర్చు లేనివి. ఇంకా ఓపికుంటే క్యూటీజీఎంసీ అనే ఇంకో ఫిల్టర్ ఉంది, రాత్రంతా నడుస్తుంది, ఫలితం చూస్తే రాత్రి గుర్తుండదు. 50గా చేస్తే కదలికంతా బతుకుతుంది. 25గా చేస్తే సగం చస్తుంది.

రెండు జాగ్రత్తలు. గీతలు విడదీయకముందు సైజు పెంచకండి. పెంచితే దువ్వెన పళ్ళలాంటి ఆ గీతలు బొమ్మలో కలిసిపోతాయి, ఇక ఏ ఫిల్టరూ విడదీయలేదు. ఏ సగం ముందు అన్నది సరిగా చెప్పాలి: చిన్న క్యాసెట్టుకు కింది సగం ముందు, ఆ తర్వాతి హెచ్‌డీ కెమెరాలకు పై సగం ముందు. తారుమారైతే మనిషి అడుగు ముందుకేసి, వెనక్కేసి, మళ్ళీ ముందుకేసినట్టు వణుకుతాడు. ఆ వణుకు చూసే చాలామంది "క్యాసెట్టు పోయింది" అని తీర్పు చెప్పేస్తున్నారు.

క్యాసెట్టు ఇంటివాళ్ళది. ఎక్కించడానికి మాత్రమే మన చేతికిచ్చారు. తిరిగి ఇవ్వకుండా పారేసే హక్కు మనకెవరిచ్చారు?

5. ఫోను వీడియోలు. ఫోను సాధారణంగా ఒకే రేటులో తీయదు. వెలుతురు తగ్గినా, ఫోను వేడెక్కినా తనంతట తాను ఫ్రేములు తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనబడుతుంది. దాన్ని అలాగే టైమ్‌లైన్‌లో పడేస్తే మొదట మాట, పెదవి కలిసే ఉంటాయి, పది నిమిషాలయ్యేసరికి మాట ఒక దారి, పెదవి ఒక దారి.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరులో ఎంతమంది తమ ఇళ్ళలోకి నీళ్ళొస్తుంటే ఫోన్లో తీసుకున్నారో మనకు తెలుసు. ఒకామె తన కొడుకుతో వచ్చి ఇలాంటి క్లిప్పులు నాలుగు కలిపి ఒకటిగా చేసివ్వమంది. అప్పటికే ఇంకో చోట కలిపించారు. అందులో గోడ కూలేది ఒక క్షణం, ఆ చప్పుడు వినబడేది ఇంకో క్షణం. "ఇది చూపిస్తే మేమే కల్పించామంటారయ్యా" అంది. అసలు క్లిప్పులు ఇంకా ఆ ఫోన్లో ఉండబట్టి సరిపోయింది.

ముందుగా హ్యాండ్‌బ్రేక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఎంచుకుని, ఆ ఫోను ఏ రేటుకు దగ్గరగా తీసిందో అదే రేటులో స్థిరం చేసి, ఆ తర్వాత కత్తెర పట్టండి. ఫోను వీడియో వాట్సాప్‌లో తెప్పించుకుంటే డాక్యుమెంటుగా పంపమనండి. లేకపోతే మన దాకా రాకముందే అది నలిగిపోయి ఉంటుంది.

6. ధ్వని. 24ను గడియారం మార్చి 25 చేస్తే రెండున్నర గంటల సినిమా 144 నిమిషాలవుతుంది. ఫ్రేములకు ఏమీ కాదు. శ్రుతి మాత్రం ముప్పాతిక స్వరస్థానం దాకా పైకి లేస్తుంది. కంటికి పట్టని తేడా చెవికి పడుతుంది. ఒక పెళ్ళి వీడియో చూసి సన్నాయి వాయించిన పెద్దాయనే, "ఇది నా శ్రుతి కాదు నాయనా, ఎవరి వాయిద్యమో పెట్టావు" అన్నారు. ఆయన వాయిద్యమే అది. వేగం మార్చిన ప్రతిసారీ శ్రుతి సరిచేసే మీట నొక్కండి. ఇంకో మాట: 29.97, 30 ఒకటే అనుకోకండి. ఒకదాన్ని ఇంకోటిగా నడిపిస్తే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది. విడిగా రికార్డు చేసిన మంత్రాలకూ పురోహితుడి పెదవులకూ పొత్తు కుదరదు.

7. ఆప్టికల్ ఫ్లో, ఏఐ. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును కంప్యూటర్ ఊహించి గీస్తుంది. కొండా, సముద్రమూ అయితే బాగానే గీస్తుంది, మైపాడు ఒడ్డున డ్రోన్ షాట్‌కు నేనూ వాడతాను. చెయ్యి ముఖానికి అడ్డం వచ్చే చోట, గాజులు ఒకదాని మీద ఒకటి జరిగే చోట, జడ ఊగే చోట దానికి తెలియదు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్ళికూతురి వేళ్ళు ఒక ఫ్రేములో ఆరు వచ్చాయి, ఇంకో ఫ్రేములో తాళి అంచు చీరలో కరిగిపోయింది. ఆ ఫ్రేము ఎక్కడా జరగలేదు, ఏ కెమెరా చూడలేదు. తప్పనిసరైతే ఒక్కో షాటుకూ విడిగా పెట్టి, ఫ్రేము ఫ్రేమూ చూసి, పాడైన చోట తీసేయండి. మొత్తం టైమ్‌లైన్‌కు ఒకేసారి వేసి నిద్రపోకండి.

8. అసలు ఫైళ్ళు. నా లేఖంతా నిలబడేది దీని మీదే. కన్వర్షన్‌లో తప్పు జరిగితే జరిగింది, అసలుది ఉంటే రేపు ఇంకొకరు సరిచేస్తారు. మనం ఆల్బం డెలివరీ అయిన నెలకే చిప్పులు ఫార్మాట్ కొట్టి ఇంకో పెళ్ళికి వాడేస్తున్నాం. "రా (అసలు ఫైళ్ళు) ఇవ్వం" అని కొందరు, "రాకు వేరే డబ్బు" అని కొందరు. హార్డ్ డిస్క్ ఖర్చు ఇంటివాళ్ళను అడగండి, న్యాయమే. చెప్పకుండా చెరపడం న్యాయం కాదు. బిల్లు మీద ఒక గీత గీసి మూడు సంగతులు రాయండి: ఏ ఫ్రేమ్ రేటులో తీశాం, ఏ రేటులో ఇస్తున్నాం, అసలు ఫైళ్ళు ఏ తేదీ దాకా ఉంచుతాం. యూట్యూబ్ కోసమైతే రేటు మార్చక్కర్లేదు, తీసిన రేటులోనే పెట్టమని వాళ్ళే చెబుతారు.

దాచుకునే కాపీకి మళ్ళీ మళ్ళీ ఎంపీ4 కొట్టకండి. కొట్టిన ప్రతిసారీ కొంత రాలుతుంది. మధ్యలో పని ఫైళ్ళకు బొమ్మ తక్కువ నలిగే ప్రోరెస్ గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ గానీ వాడండి. శాశ్వతంగా ఉంచాలంటే ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే ఫార్మాట్ ఉంది, ఒక్క చుక్క కూడా పోదు.

9. చివరిగా జిల్లా అధికారులకూ, దేవస్థానాల వారికీ, తిరునాళ్ళ కమిటీలకూ ఒక విన్నపం. స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ, రంగనాయకస్వామి బ్రహ్మోత్సవం, ఊరూరా బండలాగుడు, నెల్లూరు జిల్లాలో ఇంకా తోలుబొమ్మలాట ఆడుతున్న కొద్ది కుటుంబాల ప్రదర్శనలు, ఇవన్నీ మీరు డబ్బిచ్చి తీయిస్తున్నారు. ఒప్పందంలో "ఒక పెన్‌డ్రైవ్" అని రాయించుకుని ఊరుకుంటున్నారు. తోలుబొమ్మ మోకాలు, మోచెయ్యి దగ్గర ముక్కలుగా కోసి ముడితో కట్టి ఉంటుంది. ఆడించే మనిషి మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే హనుమంతుడు లంక దాటుతాడు. ఆ తిప్పు సెకనులో పదో వంతు. 25లో తీసింది కలగలిపి 30 చేస్తే ఆ తిప్పు నీడలో కలిసిపోతుంది, రేపు నేర్చుకోవాలనుకునే పిల్లవాడికి చూడ్డానికి ఏమీ మిగలదు. ఒప్పందంలోనే తీసిన ఫైళ్ళు తీసినట్టే అప్పగించాలనీ, ఫ్రేమ్ రేటు మార్చకూడదనీ రాయించండి. ఒక్క వాక్యం చాలు.

ఇంటివాళ్ళు కూడా ఈ లేఖ చదువుతుంటే, అమ్మా, అయ్యా, ఈసారి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు మీరే అడగండి. నాలుగు కెమెరాలూ ఒకే ఫ్రేమ్ రేటులో తీస్తారా, అసలు ఫైళ్ళు మాకిస్తారా, క్యాసెట్టు ఇస్తే క్యాసెట్టు వెనక్కి వస్తుందా అని. మీరడిగితే మావాళ్ళు నేర్చుకుంటారు. నేను అడిగితే సీజన్ అయ్యాక అంటున్నారు.

మిమ్మల్ని కోరడమే తప్ప నా వంతు ఏమీ లేదనుకోవద్దు. నా ప్లేయర్ బాగుచేయించాను, ఫైర్‌వైర్ కార్డున్న పాత కంప్యూటర్ ఒకటి దాని కోసమే ఉంచాను. రెండు జిల్లాల్లో ఏ మిక్సింగ్ యూనిట్ వారైనా చిన్న క్యాసెట్లు పంపితే ఉన్నదున్నట్టు ఎక్కించి, ఫైలూ క్యాసెట్టూ రెండూ తిరిగి పంపుతాను, డబ్బు వద్దు. సెట్టింగులు చూపించమంటే మీ బల్ల దగ్గరికే వస్తాను. రాత్రి పది తర్వాత అయినా పర్లేదు, మన పని వేళలు నాకు తెలియనివి కావు.

ఆ ల్యాబు వారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ మీద కోపం లేదు. మీ అటక మీద, పాత వైర్ల అట్టపెట్టెల్లో, షట్టర్ వెనక మూలలో ఒక్కసారి వెతికించండి. అరచేతిలో పట్టే క్యాసెట్టు, పైన తెల్ల కాగితం అంటించి ఉంటుంది. దాని మీద నీలం స్కెచ్ పెన్నుతో మా నాన్న చేత్తో రాసింది: సంక్రాంతి 2003, ఆరు పళ్ళు. దొరికితే కార్గోలో వేయండి, ఛార్జీ నేను ఇక్కడ కట్టి విడిపించుకుంటాను.

ఇట్లు,
మీ తోటి మిక్సింగ్ పనివాడు,
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా